చేతిలో ఒకటి

(మూడవ సంవత్సరం బి.యస్సీ., మేథ్స్–ఫిజిక్స్–ఎలక్ట్రానిక్స్ విద్యార్థి)

'అసెంబ్లీ' అనగానే ఎవరికైనా ముందు శాసనసభే గుర్తుకొస్తుంది. మా క్లాసులో మాస్టారు "ఈ సెమిస్టరులో అసెంబ్లీ లాంగ్వేజి" అని బోర్డు మీద రాయగానే వెనక బెంచీ నుంచి ఒక మిత్రుడు "మైకులు విరగ్గొట్టడం కూడా సిలబసులో వుందా సార్?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. మాస్టారూ నవ్వారు. నవ్వి, "అక్కడ ఎవరేం చెప్పినా ఎవరూ వినరు. ఇక్కడ నువ్వు చెప్పింది చెప్పినట్టు వింటుంది. చెప్పనిది మాత్రం ఒక్క ముక్క కూడా అర్థం చేసుకోదు. ఏది కష్టమో నువ్వే తేల్చుకో" అన్నారు.

ఈ వ్యాసం ఆ రెండో అసెంబ్లీ గురించి. మన కాలేజీలో మొదటి, రెండవ సంవత్సరాల తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ, ముఖ్యంగా నాలాగా పల్లెటూరి తెలుగు మీడియం బడిలోంచి వచ్చినవాళ్ళకు, ఈ పేపరంటే ఒక జంకు వుంది. "అదంతా ఇంగ్లీషు, బయట కంప్యూటరు కోర్సు చేసినవాళ్ళకే వస్తుంది" అంటారు. నిజానికి ఇందులో వున్న ఇంగ్లీషల్లా మూడు నాలుగక్షరాల పొడిమాటలు, ఒక డెబ్బై ఎనభై. ముందు ఏ కంప్యూటరు భాషా వచ్చి వుండనక్కరలేదు. రాకపోవడమే కొంత మేలేమో అని కూడా నాకనిపిస్తుంది. కావలసింది చిన్న తరగతుల కూడికలు, కాస్త ఓపిక. అందుకే ఒకే ఒక్క చిన్న ప్రోగ్రామును పట్టుకుని, దాన్ని విప్పి చూపిస్తాను.

మేము నేర్చుకునే ప్రాసెసరు పేరు 8085. ఇంటెల్ కంపెనీ దీన్ని 1976లో తెచ్చింది. అటు ఇరవై, ఇటు ఇరవై, మొత్తం నలభై కాళ్ళున్న నల్లటి చిప్పు. దీని అన్న 8080 (1974) కి మూడు రకాల వోల్టేజీలు కావలసి వచ్చేది. దీనికి ఒక్క 5 వోల్టులు చాలు. పేరు చివరి 5 అందుకే పెట్టారంటారు. లేబొరేటరీలో మాకిచ్చే కిట్టుకు తెర వుండదు, మౌసు వుండదు. పదహారు అంకెల మీటలు, ఇంకొన్ని ఆజ్ఞల మీటలు, పైన ఎర్రగా వెలిగే ఆరు గడులు. నాలుగు గడుల్లో చిరునామా, రెండు గడుల్లో ఆ చిరునామాలో వున్న విలువ. అంతే.

చిరునామా అంటే ఏమిటో రైతుబిడ్డలకు చెప్పడం తేలిక. అది సర్వే నెంబరు లాంటిది. సర్వే నెంబరు చెబితే ఏ పొలమో తెలుస్తుంది గాని, ఆ పొలంలో ఈ ఏడు మిర్చి వేశారో పత్తి వేశారో తెలియదు. 8085 కింద ఇలాంటి పొలాలు 65,536 వుండవచ్చు. ఒక్కోదానిలో పట్టేది ఒక బైటు, అంటే ఎనిమిది బిట్లు, అంటే 0 నుంచి 255 వరకు ఏదో ఒక సంఖ్య. 256 పట్టదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనితోనే మనకు పని పడబోతోంది.

బైటును పదహారింటి లెక్కలో రెండంకెలుగా రాస్తారు. మామూలు పదంకెలు చాలవు కనుక పది నుంచి పదిహేను దాకా ఇంగ్లీషు మొదటి ఆరు అక్షరాలు వాడతారు. మన సంచిక తెలుగులో వుంది కనుక వాటిని ఏ, బి, సి, డి, ఇ, ఎఫ్ అనే రాస్తాను. 2బి అంటే రెండు పదహార్లు, మరో పదకొండు, మొత్తం 43. ఇది చూసి భయపడే మిత్రులకు నేను చెప్పేదొకటే: మన తాతల కాలంలో రూపాయికి పదహారణాలు. రెండు రూపాయల పదకొండు అణాలు ఎన్ని అణాలు? నలభై మూడు. బడి మొహం చూడని ముసలివాళ్ళు కూడా సంతలో నోటితో చేసిన లెక్క ఇది. మనం దానికి హెక్సాడెసిమల్ అని పేరు పెట్టుకుని బెదిరిపోతున్నాం.

చిప్పు లోపల కొన్ని చిన్న అరలున్నాయి. వాటిని రిజిస్టర్లంటారు: ఏ, బి, సి, డి, ఇ, హెచ్, ఎల్. కూడికలూ తీసివేతలూ ఏ లోనే జరుగుతాయి. హెచ్, ఎల్ రెండూ జంటగా చేరితే నాలుగంకెల చిరునామా ఒకటి పడుతుంది. అప్పుడు ఆ జంట ఏదో ఒక పొలం వైపు చూపే వేలవుతుంది. ఆ వేలు చూపే చోటును 'ఎం' అంటారు. ఇవి కాక ప్రోగ్రాం కౌంటరని ఒకటుంది. తరువాతి ఆజ్ఞ ఎక్కడ చదవాలో అది గుర్తుంచుకుంటుంది. అరక తోలేవాడు ఒక చాలు తరువాత ఇంకో చాలు పట్టినట్టు, ఒక చిరునామా తరువాత మరో చిరునామాకు పోతుంది. "ఇటు తిరుగు" అని చెబితే తప్ప తిరగదు. స్టాకు, ఇంటరప్టులు వగైరా ఇక్కడ వదిలేస్తున్నాను. వాటికి ఈ సంచిక చాలదు.

యంత్రానికి ఆజ్ఞకూ సంఖ్యకూ తేడా తెలియదు. జ్ఞాపకంలో 86 అని వుందనుకోండి. అది "ఎం లోని దాన్ని ఏ కి కలుపు" అన్న ఆజ్ఞ కావచ్చు, ఎనిమిది రూపాయల ఆరణాలు, అంటే 134 అన్న సంఖ్యా కావచ్చు. అరక ఆ చాలు మీదికి వచ్చినప్పుడు చదివితే ఆజ్ఞ. వేరే ఆజ్ఞ ఏదైనా "అక్కడున్నది పట్రా" అంటే సంఖ్య. అర్థం బైటులో లేదు, దాన్ని అక్కడ పెట్టిన మనిషి దగ్గర వుంది. నాకు ఈ పేపరు మొత్తంలో ఇంతకంటే పెద్ద విషయం కనబడలేదు.

ఇహ ఆప్‌కోడ్ పట్టిక సంగతి. ప్రతి ఆజ్ఞకూ ఒక అంకె వుంటుంది. ఒక బైటులో వీలైన 256 అంకెల్లో 246 అంకెలకు కంపెనీ అర్థం చెప్పింది. హాస్టల్లో ఈ పట్టికను గోడకు అంటించుకుని ఎక్కాల్లా బట్టీ పట్టేవాళ్ళున్నారు. వాళ్ళ ఓపికకు దండం పెట్టవచ్చు గాని, అది అనవసరమైన శ్రమ అని నా అభిప్రాయం. పట్టికలో ఒక వరస వుంది. అది కనబడితే సగం పట్టిక దానంతటదే నోటికొస్తుంది.

రిజిస్టర్లకు మూడేసి బిట్ల నెంబర్లిచ్చారు: బి 000, సి 001, డి 010, ఇ 011, హెచ్ 100, ఎల్ 101, ఎం 110, ఏ 111. ఒకదానిలో వున్నదాన్ని మరొకదానిలోకి చేర్చే ఆజ్ఞ పేరు మూవ్. అది ఎప్పుడూ 01తో మొదలవుతుంది. తరువాతి మూడు బిట్లు 'ఎక్కడికి', చివరి మూడు బిట్లు 'ఎక్కడినుంచి'. బి లోనిది ఏ లోకి అంటే 01 111 000. నాలుగేసిగా విడగొడితే 0111 1000, అంటే 78. పట్టిక తీసి చూడండి, మూవ్ ఏ,బి కి ఎదురుగా 78 అనే వుంటుంది. కూడిక 10 000తో మొదలవుతుంది, చివరి మూడు బిట్లు ఎవరిని కలపాలో చెబుతాయి: యాడ్ బి 80, యాడ్ సి 81, యాడ్ ఎం 86. రిజిస్టరులో నేరుగా ఒక సంఖ్యను వేసే ఎం.వి.ఐ. ఆజ్ఞ 00తో మొదలై 110తో ముగుస్తుంది, రిజిస్టరు నెంబరు నడుమ కూర్చుంటుంది. కనుక బి కి 06, సి కి 0ఇ, ఏ కి 3ఇ.

ఇక్కడ చురుకైన పాఠకులకు ఒక అనుమానం రావాలి. మూవ్ ఎం,ఎం అని రాస్తే? అంటే వేలు చూపే చోటులో వున్నదాన్ని తీసి మళ్ళీ అక్కడే పెట్టమనడం. పనికిమాలిన పని. వరస ప్రకారం దాని అంకె 01 110 110, అంటే 76. ఆ 76ను చిప్పు తయారుచేసినవాళ్ళు వృథా పోనివ్వలేదు, "ఇక ఆగు" అనడానికి వాడుకున్నారు. అదే హాల్ట్. గట్టు మీద ఖాళీగా వున్న చోట కూడా కంది విత్తే రైతు బుద్ధి ఇది.

ఇలా అంకెలకు బదులు మాటలు రాసుకోవడం యంత్రాలతో పాటే పుట్టింది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో 1949 మే 6న తొలి లెక్క చేసిన ఎడ్సాక్ అనే కంప్యూటరుకు, అప్పుడు పరిశోధక విద్యార్థిగా వున్న డేవిడ్ వీలర్ ఒక ఏర్పాటు చేశాడు: కూడికకు ఒక అక్షరం, తీసివేతకు ఒక అక్షరం మనిషి రాస్తే, వాటిని యంత్రమే తన అంకెల్లోకి మార్చుకుంటుంది. అలా మార్చే ప్రోగ్రామునే తరువాత అసెంబ్లరు అన్నారు. మా కిట్టులో అలాంటి సౌకర్యం లేదు. కాగితం మీద మాటల్లో రాసుకుని, వాటిని అంకెల్లోకి దించి, ఒక్కొక్క మీటా నొక్కే అసెంబ్లర్లం మేమే. మధ్యలో కరెంటు పోతే అంతా మళ్ళీ మొదలు.

సరే, ప్రోగ్రాముకు వద్దాం. మా వైపు మిర్చిని టిక్కీల్లోకి తొక్కి గుంటూరు యార్డుకు తోలతారు. ఆరు టిక్కీల తూకాలు కిలోల్లో 43, 45, 42, 44, 41, 46 అనుకుందాం. వీటిని 8100 నుంచి వరసగా ఆరు చిరునామాల్లో వేశాను. అణాల లెక్కలో అవి 2బి, 2డి, 2ఏ, 2సి, 29, 2ఇ. మొత్తం కూడి 8150లో పెట్టాలి. మా కిట్టులో 8000 నుంచి మనం రాసుకోవచ్చు. కిట్టును బట్టి ఇది మారుతుంది.

8000 : 21 00 81 : ఎల్.ఎక్స్.ఐ. హెచ్, 8100
8003 : 0ఇ 06 : ఎం.వి.ఐ. సి, 06
8005 : 3ఇ 00 : ఎం.వి.ఐ. ఏ, 00
8007 : 86 : యాడ్ ఎం
8008 : 23 : ఐ.ఎన్.ఎక్స్. హెచ్
8009 : 0డి : డి.సి.ఆర్. సి
800ఏ : సి2 07 80 : జె.ఎన్.జడ్. 8007
800డి : 32 50 81 : ఎస్.టి.ఏ. 8150
8010 : 76 : హాల్ట్

మొత్తం పదిహేడు బైట్లు. మొదటి వరస వేలును మొదటి టిక్కీ వైపు పెడుతుంది. రెండోది సి లో ఆరు వేస్తుంది. ఇంకా ఎన్ని టిక్కీలు మిగిలాయో సి చెబుతుంది. మూడోది ఏ ని ఖాళీ చేస్తుంది. ఆ తరువాత నాలుగు వరసలూ ఒక చుట్టు: వేలు చూపే దాన్ని కలుపు, వేలు ఒక చోటు ముందుకు జరుపు, సి లో ఒకటి తగ్గించు, సి ఇంకా సున్నా కాకపోతే మళ్ళీ 8007కి పో. సున్నా అయితే మొత్తాన్ని 8150లో దాచి ఆగు. యార్డులో గుమస్తా చేసే పని కూడా ఇదే, కాకపోతే అతను మధ్యలో టీ తాగుతాడు.

8100 అని రాయవలసిన చోట 00 81 అని తిరగబడి వుండడం గమనించారా? అందరూ అడిగే ప్రశ్న ఇది. "అది అంతే, గుర్తుపెట్టుకో" అని ఎక్కువమంది చెబుతారు గాని, దీనికి కారణం వుంది. 8085 ముత్తాత 8008. దాని ఆజ్ఞల కూర్పు, అమెరికాలోని టెక్సాస్‌లో ఒక కంపెనీ చేసిన డేటాపాయింట్ 2200 అనే యంత్రం నుంచి వచ్చింది. ఆ యంత్రం బిట్లను ఒక్కొక్కటిగా వరసలో తీసుకుని లెక్క చేసేది. కూడిక ఎటునుంచి మొదలుపెడతాం? ఒకట్ల స్థానం నుంచి. అంచేత చిన్న స్థానం ముందు చేతికందాలి, పెద్ద స్థానం తరువాత రావాలి. ఆ యంత్రం పోయింది, ఆ అలవాటు మిగిలింది. ఇవాళ మన లాప్‌టాపుల్లో వుండే ఇంటెల్, ఎ.ఎం.డి. ప్రాసెసర్లు కూడా సంఖ్యలను ఇలా తిరగేసే దాచుకుంటాయి.

ఇప్పుడు నడిపి చూద్దాం. మాస్టారు ప్రయోగంలో అయిదు సంఖ్యలే ఇచ్చారు, మొత్తం 255 దాటకుండా చూసుకోమన్నారు. కనుక 8004లో 06కి బదులు 05 వేసి అయిదు టిక్కీలకే నడిపితే 8150లో డి7 వచ్చింది. పదమూడు రూపాయల ఏడణాలు, అంటే 215. సరిపోయింది. మరి దాటితే ఏమవుతుందో కళ్ళారా చూడాలని ఆరో టిక్కీని నేనే కలిపాను. 05 వచ్చింది.

ఆరు టిక్కీల మిర్చి అయిదు కిలోలు! ఎర్రదీపం వెలగలేదు, గంట మోగలేదు, "తప్పు" అని ఎక్కడా పడలేదు. 215 చూపించినంత నిబ్బరంగా 5 చూపించింది. అసలు మొత్తం 261. అందులోంచి 256 జారిపోతే మిగిలింది 5.

ఆ 256 ఎక్కడికి పోయింది? చిన్నప్పుడు పలక మీద కూడికలు నేర్పేటప్పుడు మా పంతులుగారు "తొమ్మిదీ ఏడూ పదహారు, ఆరు వేసి ఒకటి చేతిలో పెట్టుకో" అనేవారు. 8085 కూడా చేతిలో పెట్టుకుంటుంది. దాని చెయ్యి ఒకే ఒక్క బిట్టు, పేరు క్యారీ ఫ్లాగు. ఆరో టిక్కీ కలపగానే ఆ బిట్టు 1 అయింది. యంత్రం తన పని తాను చేసింది. చేతిలో వున్నదాన్ని ఏం చేయాలో నేను రాసిన పదిహేడు బైట్లలో ఎక్కడా లేదు కనుక అది ఏమీ చేయలేదు. పైగా ఆ చెయ్యి ఎక్కువసేపు పట్టుకోదు. ఏడో టిక్కీ 40 కిలోలది కలిపారనుకోండి, ఈసారి కూడిక 45కి వస్తుంది, దాటలేదు కనుక క్యారీ మళ్ళీ 0 అవుతుంది. చేతిలోని ఒకటి చెరిగిపోయింది. ఇహ ఎవరూ పట్టుకోలేరు.

సరిచేయడం తేలికే. ముందు బి ని సున్నా చేసుకోవాలి (06 00). యాడ్ ఎం అయిన వెంటనే "చేతిలో ఏమీ లేకపోతే ముందుకు దూకు" అనే జె.ఎన్.సి. ఆజ్ఞ వేయాలి (డి2, దాని వెనక రెండు బైట్ల చిరునామా), దాని కింద బి లో ఒకటి పెంచే ఐ.ఎన్.ఆర్. బి (04). చివర బి ని ఏ లోకి తెచ్చి (78) 8151లో దాచాలి (32 51 81). పది బైట్లు పెరిగాయి. కొత్త వరసలు దూరినందున చుట్టు మొదలయ్యే చిరునామా జరుగుతుంది, దూకుడు ఆజ్ఞల్లో దాన్ని సరిచూసుకోవాలి. ఇప్పుడు 8151లో 01, 8150లో 05. ఒకటి 256లు, ఒక అయిదు: 261.

ఈ సంగతి ఇంటికి ఫోను చేసినప్పుడు మా నాన్నతో చెప్పాను. మా నాన్నకు చదువు తక్కువ, లెక్క ఎక్కువ. పాత రోజుల్లో రాళ్ళ కాటా మీద జరిగినవన్నీ చూసినవాడు కనుక, ఎర్రంకెల కాటా వచ్చాక నిశ్చింతగా వున్నాడు. "మిషను అబద్ధం చెప్పదు" అని ఆయన నమ్మకం.

"మరి మన కాటా అట్టా చూపియ్యదు గదరా?" అన్నాడు.

"చూపియ్యకుండా ఎవరో రాశారు నాన్నా."

కాసేపు మాట్లాడలేదు. తరువాత, "రాయకపోతే?" అన్నాడు.

అది అడగదగ్గ ప్రశ్న. ఎలక్ట్రానిక్ కాటా లోపల ఏముంటుందో మా సబ్జెక్టు వాళ్ళం చెప్పగలం. పళ్ళెం కింద ఒక లోహపు దిమ్మె వుంటుంది, దాన్ని లోడ్ సెల్ అంటారు. బరువు పడితే అది కంటికి కనబడనంత వంగుతుంది. దానికి అంటించిన సన్నని తీగల నిరోధం ఆ వంపుకు తగ్గట్టు మారుతుంది. ఆ మార్పును వోల్టేజిగా, ఆ వోల్టేజిని సంఖ్యగా మారుస్తారు. ఇహ అక్కడినుంచి అంతా మైక్రోకంట్రోలరు పని, అంటే ఎవరో రాసిన ఆజ్ఞల పని. ఖాళీ పళ్ళేనికి వచ్చే సంఖ్యను తీసివేస్తుంది. కిలోకు ఎంత అని ముందే దాచివుంచిన ఒక సంఖ్యతో సరిచేస్తుంది. వచ్చిన దాన్ని ఎర్రంకెలుగా చూపిస్తుంది. గిన్నె పెట్టి 'టేర్' మీట నొక్కితే సున్నా అవుతుందే, అది ఒక్క తీసివేత. తూనికలు కొలతల శాఖవారు, 2009 నాటి చట్టం ప్రకారం, కాటాను పరీక్షించి సీలు వేసేది అందుకే; లోపల దాచిన ఆ సంఖ్యను ఎవరూ ముట్టుకోకూడదు. కాటాలన్నీ మోసమని నేననడం లేదు. మిషను అబద్ధం చెప్పదన్న మాట నిజమే, అది నిజం కూడా చెప్పదు. రాసినవాడు ఏం చెప్పమంటే అది చెబుతుంది. ఆ రాసే చోట మన ఊళ్ళ పిల్లలు కూడా కూర్చోవాలని నాకుంది.

సంఖ్య గడిలో పట్టకపోవడం చిన్న కిట్టుల బాధ మాత్రమే అనుకోకండి. 1996 జూన్ 4న ఐరోపావారి ఏరియేన్ 5 రాకెట్టు తొలి ప్రయాణంలో, ఎగిరిన 37 సెకండ్ల ప్రాంతంలో దారి తప్పి పేలిపోయింది. 64 బిట్ల సంఖ్య ఒకదాన్ని 16 బిట్ల గడిలో కుక్కబోతే పట్టలేదు. 16 బిట్లలో రుణ సంఖ్యలకూ చోటు వుంచితే 32,767 దాటి పట్టదు మరి. ఇంకొకటి ముందుంది. చాలా పాత వ్యవస్థలు 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకండ్లను 32 బిట్లలో లెక్కపెడుతున్నాయి. ఆ గడి 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 దగ్గర నిండుతుంది. ఆ రోజు 2038 జనవరి 19. మార్చకుండా మిగిలిన యంత్రాలకు అప్పుడు రుణ సంఖ్య కనబడి 1901లోకి వెళ్ళిపోతాయి. మన బ్యాచి వాళ్ళం అప్పటికి ఉద్యోగాల నడిమధ్యలో వుంటాం.

"ఇంత పాత చిప్పు ఇప్పుడెందుకు?" అని మా క్లాసులోనూ అడిగారు. 1978లో వచ్చిన 8086ను, 8080కి రాసిన ప్రోగ్రాములను సులువుగా మార్చుకునేట్టు చేశారు. ఏ రిజిస్టరు అందులో ఏ.ఎల్. అయింది, హెచ్–ఎల్ జంట బి.ఎక్స్. అయింది, ఫ్లాగుల వరస మారకుండా వచ్చింది. లాప్‌టాపుల్లో వున్నది ఆ వంశమే. వేరే వంశాలూ వున్నాయి: ఫోనుల్లో ఆర్మ్, మద్రాసు ఐ.ఐ.టి.వారి 'శక్తి' ప్రాసెసరు రిస్క్-ఫైవ్ అనే ఆజ్ఞల కూర్పు మీద తయారైంది. మాటలు మారతాయి, రిజిస్టరు, చిరునామా, చేతిలో ఒకటి అన్న తీరు మారదు (రిస్క్-ఫైవ్‌లో క్యారీ ఫ్లాగే లేదు, చేతిలో ఒకటి వచ్చిందో లేదో ప్రోగ్రాము రాసేవాడే పోల్చి తెలుసుకోవాలి, అది వేరే ముచ్చట). ఇవాళ ఎవరూ పెద్ద ప్రోగ్రాములన్నీ అసెంబ్లీలో రాయరు, రాయమని చెప్పడమూ దండగ. యంత్రం నిద్రలేచే మొదటి క్షణాలకు, వీడియోలు విప్పే వేగవంతమైన ముక్కలకు మాత్రం ఇప్పటికీ చేత్తో రాస్తున్నారు.

వేగం అన్నాను కనుక ఒక లెక్క. ఒక్కో ఆజ్ఞకు ఎన్ని గడియార దెబ్బలు పడతాయో పుస్తకంలో వుంటుంది. మన పదిహేడు బైట్ల ప్రోగ్రాములో చుట్టుకు 27 దెబ్బలు. ఆఖరి చుట్టులో వెనక్కి దూకే పని లేదు కనుక మూడు తక్కువ. ముందు, వెనక ఆజ్ఞలు కలిపితే మొత్తం 201. సెకండుకు 30 లక్షల దెబ్బల చొప్పున, ఆరు టిక్కీల కూడికకు 67 మైక్రోసెకండ్లు. పై తరగతి భాషల్లో ఇంత కచ్చితంగా లెక్క చెప్పలేరు. కిట్టు దొరకనివాళ్ళు జి.ఎన్.యు.సిమ్8085 అనే ఉచిత సాఫ్ట్‌వేరును కంప్యూటరులో వేసుకుని ఇవన్నీ చేసి చూడవచ్చు. కాని మొదటి పది ప్రోగ్రాములూ కాగితం మీద చేత్తోనే మార్చుకోమని నా సలహా. సీనియర్ల రికార్డు చూసి దించుకుంటే మార్కులొస్తాయి, 76 ఎందుకు 76 అయిందో తెలియదు.

ఒక్క పని మిగిలింది. 01 05 చూపించి "ఇది 261 నాన్నా" అంటే మా నాన్న ఒప్పుకోడు. ఆయనకు ఎర్రంకెల్లో 261 అనే కనబడాలి. దీనికి 8085లో ఒక్క బైటు ఆజ్ఞ వుంది: డి.ఏ.ఏ., అంకె 27. తూకాలను అణాల లెక్కలోకి మార్చకుండా 43, 45 అని వున్నవి వున్నట్టే వేసి, యాడ్ ఎం తరువాత ఈ 27 పెడితే, ప్రతి కూడికనూ పదుల లెక్కకు సరిచేస్తుంది. అప్పుడు గడిలో పట్టేది 99 వరకే, చేతిలో ఒకటి అంటే 256 కాదు, వంద. 43, 45 కలిస్తే 88. 42 కలిపితే 30, చేతిలో ఒకటి. 44తో 74. 41తో 15, చేతిలో మరొకటి. 46తో 61. బి లో రెండు వందలు, ఏ లో 61. ఆ 43 అనే బైటు మొదటి ప్రోగ్రాములో వుంటే 67 కిలోలయ్యేది. ఇక్కడ 43 కిలోలే.

వీడియో కాల్ పెట్టి 8151లో 02ను, 8150లో 61ని మా నాన్నకు చూపించాను. దగ్గరికి పెట్టించుకుని చూశాడు.

"గోతాల బరువు తీశావా?" అన్నాడు.

తియ్యలేదు. పైగా డి.ఏ.ఏ. కూడిక తరువాతే పనికొస్తుంది, తీసివేతకు పనిచేయదు. దానికి వేరే దారి వుంది: తీసివేయవలసిన దాన్ని ముందు వందలోంచి తీసి, వచ్చిన దాన్ని కలపాలి. గోతానికి కిలో చొప్పున ఆరు కిలోలు తీయాలంటే, వందలోంచి ఆరు పోతే 94. అరవై ఒకటికి తొంభై నాలుగు కలిపితే 55 వేసి ఒకటి చేతిలో. ఈసారి ఆ ఒకటిని బి కి కలపకూడదు, వదిలేయాలి. ముందు అప్పు తెచ్చుకున్న వంద అది. నికరం 255 కిలోలు.